మూడో రోజుకీ పదిహేనో రోజుకీ మధ్య: తీవ్ర మానసిక జబ్బు ఉన్న ఇంట్లో పురుడు

విశాఖలో ఒక గర్భిణి చుట్టూ ఎన్ని చోట్లు ఉంటాయో ఒకసారి లెక్కవేయండి. అత్తవారిల్లు గాజువాక. పుట్టిల్లు చోడవరం పక్కన. నెలనెలా చూపించుకునేది ఇంటి దగ్గరి ఆరోగ్య కేంద్రంలో. కాన్పు పెద్దాసుపత్రి కేజీహెచ్‌లోనో, పాతపట్నం ఘోషా ఆసుపత్రిలోనో. మనసు జబ్బుకి మందులు తెచ్చుకునేది వాల్తేరు మానసిక వైద్యశాల నుంచో, ప్రైవేటు డాక్టరు దగ్గర్నుంచో. ఈ అయిదు చోట్లా తెలిసిన సంగతి ఒక్కటే, ఆమె గర్భిణి అని. ఆమె ఏ మందు మీద ఉందో, గతంలో జబ్బు తిరగబెట్టినప్పుడు ఎలా మొదలైందో ఈ అయిదింటిలో మహా అయితే రెండు చోట్ల తెలుస్తుంది.

బైపోలార్ (కొన్నాళ్లు పట్టలేని ఉత్సాహం, కొన్నాళ్లు దిగులు), స్కిజోఫ్రీనియా (లేని మాటలు వినిపించడం, లేనిపోని అనుమానాలు) వంటి తీవ్రమైన జబ్బులున్న ఆడవాళ్ల పురుడు దెబ్బతినేది ఎక్కువగా ఈ అతుకుల దగ్గరే. మందులు ఉన్నాయి, డాక్టర్లు ఉన్నారు, 108 కూడా ఉంది. లేనిది ఒక కాగితం. దాని సంగతి తర్వాత చెప్పుకుందాం. ముందు ఏ జబ్బు గురించి మాట్లాడుతున్నామో తేల్చుకోవాలి, ఎందుకంటే బాలింత ఏడిస్తే ఇంట్లో అందరూ ఒకే మాట అంటారు: "పచ్చి బాలింత కదా, అలాగే ఉంటుంది."

సగానికి పైగా బాలింతలకు మూడో రోజు నుంచి అయిదో రోజు మధ్య కారణం లేకుండా ఏడుపు వస్తుంది, చిన్న మాటకే కళ్లనీళ్లు పెట్టుకుంటారు. రెండు వారాల్లో దానంతటదే పోతుంది. అది జబ్బు కాదు. రెండు వారాలు దాటినా పోకుండా దిగులు, నిరాశ, బిడ్డ మీద ధ్యాస లేకపోవడం ఉంటే అది ప్రసవానంతర కుంగుబాటు. మన దేశంలో జరిగిన పరిశోధనలను కలిపి 2017లో లెక్క తీస్తే వందలో 22 మందికి ఇది కనిపించింది. మూడోది ప్రసవానంతర సైకోసిస్, అంటే బాలింతకు మతి తప్పి లేనిది ఉన్నట్టు నమ్మడం. వెయ్యి కాన్పుల్లో ఒకటి రెండు. అరుదే, కానీ వచ్చిందంటే గంటల లెక్కన ముదురుతుంది. చాలామందిలో మొదటి రెండు వారాల్లోపే బయటపడుతుంది.

ఆ వెయ్యికి ఒకటి అన్న లెక్క అందరికీ సమానం కాదు. బైపోలార్ జబ్బు ఉన్న స్త్రీలో అది అయిదుగురిలో ఒకరి దాకా వెళ్తుంది. గతంలో ఒక కాన్పు తర్వాత సైకోసిస్ వచ్చి ఉంటే దాదాపు ఇద్దరిలో ఒకరికి మళ్లీ వస్తుంది. బైపోలార్‌తో పాటు తల్లికో అక్కచెల్లెళ్లకో బాలింతగా ఉన్నప్పుడు ఇలా జరిగి ఉన్నా ముప్పు అంతే పెరుగుతుంది. అందుకే మొదటి చెకప్‌లో బీపీ, షుగరు అడిగినట్టే ఇంకో రెండు ప్రశ్నలు అడగాలి. "మీకు ఎప్పుడైనా మనసు జబ్బుకి మందు వాడారా? మీ అమ్మగారికి గానీ అక్కకి గానీ పురిట్లో మతి తప్పిందా?" రెండో ప్రశ్నకు జవాబు తరచూ వేరే పేరుతో వస్తుంది. గాలి సోకిందని, చిల్లంగి చేశారని, అంత్రం కట్టించాక తగ్గిందని చెబుతారు. ఆ మాట విన్న నర్సమ్మ నవ్వేసి వదిలేయకుండా అది కాన్పైన ఎన్నో రోజున జరిగిందో అడిగి రాసుకుంటే కుటుంబ చరిత్ర దొరికినట్టే.

కుంగుబాటును పట్టుకోడానికి 1987 నుంచి వాడుతున్న ఎడిన్‌బరో ప్రశ్నావళిలో పది ప్రశ్నలుంటాయి, మొత్తం 30 మార్కులు. మంచి సాధనమే. అయితే అది ఉన్మాదాన్ని పట్టదు. ఉత్సాహంతో ఊగిపోతున్న బాలింతకు అందులో సున్నా రావచ్చు. ఆ సున్నా చూసి ఇంటికి పంపేస్తే అంతే సంగతులు.

బిళ్ల మానేయడం

గర్భం అని తెలియగానే ఇంట్లో మొదట జరిగేది మందులు ఆపేయడం. అత్తగారికి తెలియకుండా వాడుతున్న బిళ్లలైతే ఇంకా తేలిగ్గా ఆగిపోతాయి. బైపోలార్ ఉన్న గర్భిణుల మీద 2007లో వచ్చిన ఒక అధ్యయనంలో, మూడ్‌ను నిలిపే మందు ఆపేసినవాళ్లలో 85 శాతం మందికి గర్భంలోనే జబ్బు తిరగబెట్టింది. కొనసాగించినవాళ్లలో 37 శాతం. చిన్న అధ్యయనమే గానీ తేడా చిన్నది కాదు. ఉన్నట్టుండి ఆపినవాళ్లకు మరీ త్వరగా తిరగబెట్టింది.

అలాగని అన్ని మందులూ ఒకటి కావు. మూడ్‌ను నిలిపే మందుల్లోనే వాల్‌ప్రోయేట్ సంగతి వేరు. గర్భంలో అది వాడితే పదిమందిలో ఒక బిడ్డకు పెద్ద అవయవ లోపం, పదిలో ముగ్గురు నలుగురికి ఎదుగుదలలో, చదువులో వెనకబాటు వస్తుంది. వెన్నెముక లోపాలూ వస్తాయి. ఆ వెన్ను గొట్టం పిండం పడ్డ 28 రోజుల్లోనే మూసుకుంటుంది. అంటే నెల తప్పి, పరీక్ష చేయించుకుని, డాక్టరమ్మ దగ్గరికి వెళ్లేసరికే ఆ పని అయిపోయి ఉంటుంది. కాబట్టి పిల్లల్ని కనే వయసు అమ్మాయికి వాల్‌ప్రోయేట్ రాయకపోవడమే మంచిది. రాసి ఉంటే గర్భం రాకముందే మార్చాలి. కార్బమజెపైన్‌కీ కొంత ఇదే దోషం ఉంది, పైగా అది గర్భనిరోధక మాత్రల బలం తగ్గించేస్తుంది. ఈ మందుల మీద ఉన్నవాళ్లకు సాధారణంగా డాక్టర్లు చెప్పే ఫోలిక్ యాసిడ్ రోజుకి 5 మిల్లీగ్రాములు. మొదటి మూడు నెలల్లో ఆరోగ్య కేంద్రంలో ఇచ్చే బిళ్లలో ఉండేది 0.4. రెండూ ఒకటే అనుకుని అదే మింగుతూ ఉండటం తరచూ జరిగే పొరపాటు.

ఓలాంజపైన్, క్వెటియాపైన్ వంటి యాంటీసైకోటిక్‌లు (సైకోసిస్‌ను తగ్గించే మందులు) గర్భంలో కొనసాగించవచ్చు. బరువు, షుగరు చూసుకుంటూ ఉండాలి. మన దగ్గర 75 గ్రాముల గ్లూకోజు తాగించి రెండు గంటలకు రక్తం తీసే పరీక్ష ఉంది, 140 దాటితే గర్భిణికి షుగరున్నట్టు. ఈ మందులు వాడేవాళ్లకు దాన్ని 24 నుంచి 28 వారాల మధ్య తప్పకుండా మళ్లీ చేయించాలి. రిస్పెరిడోన్‌తో ఇంకో చిక్కు ఉంది. అది నెలసరిని తప్పిస్తుంది, పిల్లలు పుట్టకుండా అడ్డుపడుతుంది. దాన్ని వేరే మందుకి మార్చగానే, ఇన్నాళ్లూ రాని గర్భం ఎవరూ అనుకోకుండా వచ్చేస్తుంది. మందు మార్చే రోజే ఈ మాట చెప్పాలి.

లిథియం, వేవిళ్లు, పథ్యం

మూడ్‌ను నిలిపే మందుల్లో లిథియంకి కాస్త ఎక్కువ చోటు ఇవ్వక తప్పదు. ప్రసవానంతర సైకోసిస్‌ను ఆపడంలో దానికి సాటి మందులు తక్కువ. మన పురిటి అలవాట్లతో నేరుగా పేచీ పెట్టుకునేదీ అదే.

శరీరం లిథియంను ఉప్పులాగే చూస్తుంది. ఒంట్లో నీళ్లు, ఉప్పు తగ్గితే మూత్రపిండాలు ఉప్పును పట్టుకున్నట్టే లిథియంనూ పట్టుకుంటాయి, రక్తంలో మోతాదు పెరుగుతుంది. మొదటి మూడు నెలల్లో వేవిళ్లతో వాంతులైతే ఇదే జరుగుతుంది. మే నెల విశాఖ ఉక్కపోతలో చెమట పట్టినా ఇదే. ఆ తర్వాత నెలల్లో లెక్క తిరగబడుతుంది. గర్భిణి మూత్రపిండాలు వేగంగా పనిచేసి లిథియంను ఎక్కువగా బయటికి పంపేస్తాయి, అదే బిళ్ల వేసుకుంటున్నా మోతాదు పడిపోతుంది. అందుకే నాలుగు వారాలకోసారి రక్తం చూసి బిళ్లలు పెంచాల్సి వస్తుంది, 36వ వారం నుంచి వారం వారం చూడాలి. రక్తం ఇచ్చేది చివరి బిళ్ల వేసుకున్న 12 గంటలకు. పొద్దున బిళ్ల మింగి, లైనులో నిలబడి, రక్తమిస్తే అంకె తప్పు వస్తుంది. గుండె లోపం భయం ఉన్నమాట నిజమే. అది మోతాదుతో పాటు పెరుగుతుంది, ఎక్కువగా మొదటి మూడు నెలలకు సంబంధించింది. 2017లో వచ్చిన పెద్ద అధ్యయనంలో లిథియం వాడినవారి బిడ్డల్లో గుండె లోపం వందకు 2.4, వాడనివారిలో 1.15. స్కానింగ్‌లో బిడ్డ గుండెను ప్రత్యేకంగా చూడమని అడగాలి.

ఇక కాన్పు. నొప్పులు మొదలవగానే లిథియం ఆపి, రక్తంలో మోతాదు చూసి, నీళ్లు తగ్గకుండా సెలైన్ పెట్టి, కాన్పయ్యాక మళ్లీ మొదలుపెడతారు. ఎందుకంటే బిడ్డ పుట్టాక మూత్రపిండాలు త్వరలోనే పాత వేగానికి వచ్చేస్తాయి. గర్భంలో పెంచిన మోతాదే కొనసాగిస్తే లిథియం విషంగా మారుతుంది. సిజేరియన్ అయితే నొప్పికి అలవాటుగా రాసే డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ రెండూ లిథియంను ఇంకా పెంచుతాయి. పారాసెటమాల్‌తో నడిపించమని కేస్ షీటు మీదే రాయించాలి.

ఇంటికొచ్చాక పథ్యం మొదలవుతుంది. బాలింతకు నీళ్లు ఎక్కువ ఇస్తే పొట్ట వస్తుందని గుటకల లెక్కన పోస్తారు, ఉప్పు తగ్గించి పెడతారు, ఫ్యాను ఆపి తలుపులు బిగిస్తారు. లిథియం మీద ఉన్న బాలింతకు ఈ మూడూ కలిస్తే చేతులు వణకడం, నడక తూలడం, మాట ముద్దగా రావడం, వాంతులు, విరేచనాలు మొదలవుతాయి. "బలహీనత" అని వదిలేయకూడదు. ఆ పూట బిళ్ల ఆపి, అదే రోజు రక్తం చూపించాలి. అమ్మమ్మతో వాదం పెట్టుకోనక్కర్లేదు. కారప్పొడి, వెల్లుల్లి, పాత బియ్యం అన్నీ ఉండనివ్వండి. ఉప్పు మామూలుగా వేయమని, రోజుకి రెండున్నర మూడు లీటర్ల నీళ్లు కాచి చల్లార్చి ఒక బిందెలో విడిగా పెట్టమని చెబితే చాలు. వేడినీళ్లంటే ఆవిడా కాదనదు.

లిథియం పాలలోకి బాగానే దిగుతుంది గనుక అది వాడుతుంటే తల్లిపాలు సాధారణంగా వద్దంటారు. స్కిజోఫ్రీనియాకి వాడే క్లోజపైన్‌కీ అంతే. ఓలాంజపైన్, కుంగుబాటుకి వాడే సెర్ట్రలిన్ పాలలోకి వెళ్లేది చాలా తక్కువ, బిడ్డ మరీ మత్తుగా ఉందా, పాలు సరిగా తాగుతోందా అని చూసుకుంటూ ఇవ్వవచ్చు. పాలు ఆపాల్సి వచ్చినప్పుడు ఒక జాగ్రత్త. పాలు ఎండడానికి రాసే కాబర్గొలిన్, బ్రోమోక్రిప్టిన్ మెదడులో డోపమిన్ అనే రసాయనం చేసే పనే చేస్తాయి. సైకోసిస్ ఉన్న మనిషికి అది పెట్రోలు పోసినట్టే. బిగుతు లోదుస్తు, చల్లని గుడ్డ, పారాసెటమాల్‌తో నాలుగైదు రోజులు ఓర్చుకోవడం మేలు.

32వ వారం కాగితం

ఎనిమిదో నెలలో, 32 వారాల దగ్గర, ఒక రోజు పెట్టుకుని మానసిక వైద్యుణ్ణి, కాన్పు డాక్టరమ్మను కలిసి, ఒక కాగితం రాయించుకోవాలి. ఇద్దరూ ఒకే గదిలో కూర్చోవడం మన ఆసుపత్రుల రద్దీలో జరగని పని. ఒకరు రాసిందాని మీద ఇంకొకరు సంతకం చేసినా సరిపోతుంది. ఒక పేజీ దాటకూడదు, దాటితే రాత్రి డ్యూటీలో ఉన్న జూనియర్ చదవడు.

అందులో ఉండాల్సింది: జబ్బు పేరు, ఇప్పుడు వేసుకుంటున్న మందు, మోతాదు, వేసుకునే వేళ. నొప్పులప్పుడు ఏది ఆపాలి, కాన్పయ్యాక ఎన్ని గంటలకు ఏది మొదలుపెట్టాలి. ఇవ్వకూడని మందులు. వాంతులకు మెటోక్లోప్రమైడ్ ఇస్తే, ఇప్పటికే యాంటీసైకోటిక్ మీద ఉన్నవాళ్లకు ఒళ్లు బిగుసుకుపోతుంది, అదీ రాయాలి. బిడ్డకు రెండు మూడు రోజులు వణుకు, బిగుతు, పాలు తాగడం గమనించాలని పిల్లల డాక్టరుకి ఒక వాక్యం. ఆ తర్వాత అన్నిటికన్నా ముఖ్యమైనది, ఈమెకు జబ్బు ఎలా మొదలవుతుంది అన్నది. "నిద్ర తగ్గడం" అని రాస్తే పనికిరాదు. "రాత్రి రెండింటికి లేచి అల్మరా సర్దుతుంది, చుట్టాలందరికీ ఫోన్లు చేస్తుంది, చెల్లెల్ని పేరుతో కాకుండా మీరు అని పిలుస్తుంది" అని రాయాలి. అది ఇంట్లోవాళ్లకే తెలుసు, డాక్టరుకి తెలియదు. చివర్లో ఎవరికి ఫోన్ చేయాలి, ఏ ఆసుపత్రికి తీసుకెళ్లాలి, బిడ్డను ఎవరు చూసుకుంటారు.

ఈ కాగితం తల్లీబిడ్డల సంరక్షణ కార్డులో పెట్టి పిన్ను కొట్టాలి. కాన్పుకి పోయేటప్పుడు ఏది మరిచినా ఆ కార్డు మరవరు. ఒక నకలు పుట్టింట్లో, ఒకటి అత్తింట్లో ఉండాలి.

అత్తింటికి తెలియని జబ్బైతే? ఇదే ముల్లు. విడాకులిస్తారన్న భయంతో దాచేవాళ్లకు ఒక మాట. స్కిజోఫ్రీనియా ఉందన్న ఒక్క కారణం విడాకులకు చాలదని, జబ్బు ఎంత తీవ్రంగా ఉంది, కలిసి బతకలేనంతగా ఉందా అన్నది చూడాలని సుప్రీంకోర్టు 1988లోనే చెప్పింది. దాచి పెళ్లి చేయడం వల్ల వచ్చే చిక్కులు వేరే, అవి లేవని కాదు. కనీసం భర్తకు, ఆయనకు ఒక్కరికైనా, 32వ వారంలోపు చెప్పాలి. అర్ధరాత్రి ఆటో పిలవాల్సింది ఆయనే.

ఇంట్లో రాత్రులు

సాధారణ కాన్పైతే రెండు మూడు రోజుల్లో ఇంటికి పంపేస్తారు. సరిగ్గా ముప్పు మొదలయ్యే రోజున ఆమె వైద్యుల కళ్లెదుట నుంచి వెళ్లిపోతుంది. ఆ పైన పురిటి స్నానం, బారసాల, చుట్టాలు. ఆశా కార్యకర్త ఇంటికి వచ్చే రోజులు 3, 7, 14, 21, 28, 42. వీటిలో మొదటి మూడూ సైకోసిస్ వచ్చే రోజులతో చక్కగా కలుస్తాయి. ఆమె వచ్చేది బిడ్డ బరువు, బొడ్డు, జ్వరం చూడటానికి. వెళ్లే ముందు తల్లితో ఒక్కమాట, "రాత్రి ఎన్ని గంటలు పడుకున్నావమ్మా? బిడ్డను ఎవరైనా పట్టుకుంటే నిద్ర పట్టిందా?" అని అడిగితే చాలు. బిడ్డ లేపితే నిద్ర లేకపోవడం మామూలు. అవకాశం ఉండీ నిద్ర పట్టకపోవడం మామూలు కాదు, అలిసిపోయినట్టు కనిపించకపోవడం ఇంకా మామూలు కాదు.

బైపోలార్ ఉన్న తల్లికి నిద్ర మందులాంటిదే, మోతాదు చూసి ఇవ్వాలి. వరసగా అయిదారు గంటలు దొరికేలా ఏర్పాటు చేయాలి. లిథియం, క్లోజపైన్ వంటి పాలివ్వకూడని మందులు లేకపోతే రాత్రి పదికి పాలిచ్చి, రాత్రి బిళ్ల వేసుకుని, వేరే గదిలో పడుకోవాలి. పన్నెండున్నరకు, మూడింటికి పట్టే వంతు అమ్మమ్మదో, తండ్రిదో. పగలు పిండిపెట్టిన తల్లిపాలను ఉగ్గుగిన్నెతో పడతారు. గది చల్లగా ఉంటే పిండిన పాలు నాలుగు గంటలు నిలుస్తాయి, మన ఎండల్లో ఆ ధైర్యం వద్దు, వెంటనే ఫ్రిజ్ లోపలి అరలో పెట్టాలి, తలుపు అరలో కాదు. స్టవ్ మీద కాచకూడదు, వేడినీళ్ల గిన్నెలో కాసేపు నిలబెట్టాలి. మొదటి మూడు నాలుగు రోజులు పిండితే వచ్చేది చెంచాడే, అప్పుడు ఏం పట్టాలో పిల్లల డాక్టరును ముందే అడిగి ఉంచుకోవాలి. అర్ధరాత్రి రొమ్ములు గట్టిపడి ఆమె లేస్తే పిండి మళ్లీ పడుకోనివ్వాలి. "ఎలాగూ లేచావుగా" అని బిడ్డను చేతికివ్వొద్దు.

తేడా వచ్చిన రోజు

బాలింతకు మతి తప్పితే ఒక పూటకీ ఇంకో పూటకీ పోలిక ఉండదు. పొద్దున గలగలా మాట్లాడుతుంది, సాయంత్రం ఎవరో తెలియనట్టు చూస్తుంది. బిడ్డ తనది కాదని, మార్చేశారని, దేవుడి అంశ అని అనవచ్చు. మధ్యలో మామూలుగా మాట్లాడిన గంట చూసి ఇంట్లోవాళ్లు తగ్గిందనుకుంటారు. తగ్గలేదు. ఆ క్షణం నుంచి ఆమెను ఒంటరిగా వదలకూడదు, బిడ్డతో అసలు వదలకూడదు. "బిడ్డకేదైనా చేసేస్తానేమో" అన్న ఆలోచన వచ్చి హడలిపోయి తనే చెప్పుకునే తల్లిది చాలాసార్లు సైకోసిస్ కాదు, వేరే బాధ. ఆ ఆలోచనను ఆమె అసహ్యించుకుంటుంది. ఆమెకూ చికిత్స కావాలి, కానీ ఆమెను హంతకిలా చూడకూడదు.

తీసుకెళ్లేది ఎక్కడికి? మనోవ్యాధి కనిపిస్తోంది కదా అని నేరుగా మానసిక వైద్యశాలకు పరిగెత్తితే, జ్వరముంది, ముందు అక్కడ చూపించి రండి అని వెనక్కి పంపే ప్రమాదం ఉంది. ప్రసూతి వార్డుకి వెళ్తే దీనికి ఉల్టా జరగవచ్చు. మొదటి కాన్పు తర్వాత తొలిసారి మతి తప్పిందంటే గర్భసంచి ఇన్‌ఫెక్షను, గుర్రపువాతం, మెదడు సిరల్లో రక్తం గడ్డకట్టడం, థైరాయిడు, సోడియం పడిపోవడం, వీటిలో ఏదీ కాదని తేల్చాలి. నీళ్లు తగ్గించిన బాలింతల్లో ఆ మెదడు సిరల గడ్డ భయం మరీ ఎక్కువ. తలనొప్పి, ఫిట్స్, ఒక పక్క బలం తగ్గడం ఉంటే స్కాన్ ఆలస్యం చేయకూడదు. అందుకే ప్రసూతి, జనరల్ మెడిసిన్, సైకియాట్రీ మూడూ ఒకే ఆవరణలో ఉన్న కేజీహెచ్ లాంటి చోటుకే మొదట వెళ్లడం నయం. పాడేరు ఘాట్ దిగి రావాల్సినవాళ్లు తెల్లారేదాకా ఆగకూడదు. 108కి ఫోన్ చేసి దారిలోని ఆసుపత్రిలో జ్వరం, బీపీ చూపించుకుంటూ రావాలి.

అక్కడ చెప్పే మాట కూడా ముఖ్యం. "ఒంట్లో బాగోలేదండీ" అంటే ఓపీ లైనులో నిలబెడతారు. "మా అమ్మాయికి కాన్పై ఆరు రోజులండీ. మూడు రాత్రుల్నుంచి రెప్ప వేయలేదు. బిడ్డ తనది కాదంటోంది. ఇదివరకు ఫలానా మందు వాడింది, కాగితం ఇదిగో" అంటే క్యాజువాలిటీలోనే ఆపుతారు. ఎవరికి చెప్పాలో తోచకపోతే 14416 ఉంది. అది 2022లో మొదలైన టెలీ మానస్, రాత్రీ పగలూ తెలుగులో మాట్లాడతారు, డబ్బు పడదు. అప్పన్నకు మొక్కుకోవచ్చు, తాయెత్తు కట్టించుకోవచ్చు. వాటికోసం ఆసుపత్రి ఒక పూట కూడా వాయిదా పడకూడదు, అంతే.

చేర్చుకున్నాక తల్లీబిడ్డలను ఏం చేస్తారన్నది అందరూ భయపడే విషయం. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్‌లో 2009 నుంచి ఇద్దర్నీ కలిపి ఉంచే ప్రత్యేక వార్డు నడుస్తోంది. అలాంటిది లేని ఊళ్లలో కూడా 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 21వ సెక్షన్ ఒక హక్కు ఇచ్చింది. మూడేళ్లలోపు బిడ్డను చికిత్సలో ఉన్న తల్లి నుంచి మామూలుగా వేరు చేయకూడదు. బిడ్డకు హాని ఉందని డాక్టరు భావిస్తే తాత్కాలికంగా వేరు చేయవచ్చు, అప్పుడు కూడా ఎవరో ఒకరి కనుసన్నల్లో తల్లికి బిడ్డను చూపించాలి. ఆ నిర్ణయాన్ని 15 రోజులకోసారి మళ్లీ చూడాలి, ఏకబిగిన 30 రోజులు దాటితే మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థ ఆమోదం కావాలి. కరెంటు చికిత్స అనగానే ఉలిక్కిపడతారు. ఈ జబ్బులో అది వేగంగా పనిచేసే చికిత్సల్లో ఒకటి. మత్తు ఇవ్వకుండా చేయడాన్ని ఇదే చట్టం నిషేధించింది. మనసు జబ్బుకి చికిత్స పేరుతో ఆమెకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించడమూ నిషిద్ధమే. ఇంట్లో పెద్దలు ఆ ప్రస్తావన తెస్తే ఈ మాట గుర్తుచేయండి.

జబ్బున్నది తండ్రికైతే ఎవరూ పట్టించుకోరు. వాల్‌ప్రోయేట్ వాడే మగవాళ్లు పిల్లల్ని కనేముందు డాక్టరుతో మాట్లాడాలని ఐరోపా ఔషధ సంస్థ 2024లో చెప్పింది, గర్భధారణకు ముందు మూడు నెలల్లో వాడితే బిడ్డ ఎదుగుదల మీద ప్రభావం ఉండవచ్చన్న అనుమానంతో. సొంతంగా ఆపేయమని కాదు. బైపోలార్ ఉన్న తండ్రికి రాత్రి వంతు అప్పగిస్తే ఆయన నిద్రే పోయి జబ్బు తిరగబెడుతుంది. ఆయనకు పగటి పనులివ్వాలి, స్నానం, మందులు తేవడం, టీకాల తేదీలు.

మందు పడితే చాలామంది తల్లులు వారాల్లో తేరుకుంటారు, పూర్తిగా కుదుటపడటానికి కొన్ని నెలలు పడుతుంది. మందు ఎప్పుడు తగ్గించాలో డాక్టరు చెప్పాలి, బిడ్డ బోర్లా పడింది కదా అని ఇంట్లోవాళ్లు కాదు. పురిటి రాకల్లో ఆశాది చివరిది 42వ రోజు. ఆ రోజు కుటుంబ నియంత్రణ సంగతి తేల్చుకోవాలి. కార్బమజెపైన్ మీద ఉంటే మాత్రల కన్నా కాపర్‌టీ నమ్మకం. పిన్ను కొట్టిన ఆ కాగితం మీద ఈ కాన్పులో ఏ రోజు ఏం జరిగింది, ఏ మందుకి తగ్గింది అన్నది రాసి, బిడ్డ జనన ధ్రువపత్రంతో పాటు బీరువాలో పెట్టండి. రెండో కాన్పుకి డాక్టరమ్మ అడిగే మొదటి కాగితం అదే.